కంట్లో దిగిన నెత్తురు, వెనకున్న పొర: ఈల్స్ జబ్బుకు ఆపరేషన్ ఎప్పుడు, ఎందుకు

చెన్నైలో ఏ పెద్ద కంటి ఆసుపత్రి వరండాలో కూర్చున్నా పది నిమిషాల్లో తెలుగు చెవిన పడుతుంది. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, పుత్తూరు, ఒంగోలు వైపుల నుంచి తెల్లవారుజాము రైలెక్కి వచ్చినవాళ్లు, పాత రిపోర్టులన్నీ ఒక బట్టలకొట్టు సంచిలో పెట్టుకుని, కంట్లో చుక్కలు వేయించుకుని, కళ్లు మూసుకుని వరసగా కూర్చుని ఉంటారు. రెండేళ్ల కిందట మా పిన్ని, ఆమె కొడుకు అలాగే వచ్చారు. వాడికి 26 ఏళ్లు. కావలిలో కరెంటు పని చేస్తాడు. షుగరు లేదు, బీపీ లేదు, కంటికి దెబ్బ తగల్లేదు. ఒకరోజు పొద్దున లేచేసరికి ఎడమ కంటి ముందు నల్లటి దారాలు వేలాడుతున్నాయి. మధ్యాహ్నానికి పొగలా కమ్ముకుంది. సాయంత్రానికి ఆ కంటితో ఎదుటివాళ్ల చేతి వేళ్లు కూడా లెక్కపెట్టలేకపోయాడు. నొప్పి మాత్రం లేదు. వేడి చేసిందనుకుని రెండు రోజులు మజ్జిగ తాగి, మూడో రోజు కళ్లజోళ్ల షాపుకు వెళ్లాడు. ఆ షాపతను పరీక్ష చేసి, ఇది అద్దాలతో పోయేది కాదు, వెంటనే రెటీనా డాక్టరు దగ్గరకు వెళ్లమన్నాడు. ఆయనకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

నేను చెన్నైలోనే చూళైమేడులో ఉంటాను, అరవం వచ్చు, అందుకని తోడు వెళ్లాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు ఇది ఈల్స్ జబ్బని, కంట్లో రక్తం దిగిందని, ఇప్పుడే ఆపరేషన్ వద్దని, ఆరు వారాలు చూద్దామని చెప్పారు. అదే రోజు మా పక్క కుర్చీలో కూర్చున్న చిత్తూరు జిల్లా కుర్రాడికీ ఆ జబ్బు పేరే రాశారు. అతన్ని మాత్రం ఆ వారంలోనే ఆపరేషన్‌కు చేరమన్నారు. పిన్ని ముఖం చిన్నబోయింది. "ఒకటే జబ్బయితే ఆ పిల్లోడికి ముందు, మనోడికి తర్వాత, ఏందబ్బయా ఇది? మనల్ని సరిగ్గా చూళ్లేదా, లేకపోతే వాళ్లని ఊరికే తొందర పెడతన్నారా?" అని నన్నడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ ఆరు వారాలూ ఆమె టెన్షన్‌ను ఫోన్లో వింటూ, దొరికిందల్లా చదువుతూ, డాక్టర్లను అడుగుతూ తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఉంది. అది జబ్బు పేరులో లేదు, రక్తం వెనకాల రెటీనా ఏ స్థితిలో ఉందన్నదానిలో ఉంది.

ముందు ఒక మాట దగ్గర చిక్కు విప్పాలి. కంటి విషయంలో మనం ‘పొర’ అనే మాటను అన్నింటికీ వాడేస్తాం. ముసలివాళ్లకు శుక్లం వస్తే కంటికి పొర వచ్చిందంటాం. తెల్లగుడ్డు మీద కండ పెరిగితే అదీ పొరే. రెటీనా ఊడితే కంటి పొర ఊడిందంటాం. అందుకే పిన్ని మొదటి రోజు "పొర తీసేస్తే అయిపోతుంది గదా" అంది. శుక్లం తీసేయాల్సిన పొర. రెటీనా కాపాడుకోవాల్సిన పొర. కంటి గుడ్డు లోపలి గోడకు అంటిపెట్టుకుని, పావు మిల్లీమీటరు మందాన ఉండే నరాల అల్లిక అది. లోపలికి వచ్చిన వెలుగును సంకేతాలుగా మార్చి మెదడుకు పంపేది అదే. దాని నడిమధ్య ఉండే చిన్న చోటును మాక్యులా అంటారు. అక్షరాలు చదివేదీ, మనిషి ముఖం గుర్తుపట్టేదీ ఆ చోటుతోనే. రెటీనాకు ముందు, కంటి గుడ్డు బోలునంతా నింపుతూ సుమారు నాలుగు మిల్లీలీటర్ల జెల్లీ ఉంటుంది. చూడ్డానికి లేత తాటిముంజెలా ఉంటుంది, అందులో నూటికి 98 పాళ్లు నీళ్లే. దాని పేరు విట్రియస్. ఈల్స్ జబ్బు చేసే నష్టమంతా ఈ రెండింటి మధ్య జరుగుతుంది.

జబ్బు పేరు ఒక ఇంగ్లండ్ డాక్టరుది. 1880లో బర్మింగ్‌హామ్‌లో హెన్రీ ఈల్స్ కొందరు కుర్రవాళ్లకు కంట్లో మళ్లీ మళ్లీ రక్తం దిగడం గమనించి రాశారు. వాళ్లలో మలబద్ధకం, ముక్కు నుంచి రక్తం కారడం కూడా ఉన్నాయి. మూడింటినీ ముడిపెట్టి ఆయన చెప్పిన కారణం తర్వాత నిలబడలేదు. కొన్నేళ్లకే ఇతర డాక్టర్లు అసలు గొడవ రెటీనా రక్తనాళాల వాపుతో మొదలవుతోందని గుర్తించారు. పేరు మాత్రం ఆయనదే మిగిలింది. యూరప్, అమెరికాల్లో ఇప్పుడు ఇది చాలా అరుదు. మన దేశంలో కంటి ఆసుపత్రికి వచ్చే ప్రతి 200 నుంచి 250 మందిలో ఒకరికి ఉంటుందని వైద్య పత్రికల్లో రాశారు. ఎక్కువగా వచ్చేది 20 నుంచి 40 ఏళ్ల మధ్య మగవాళ్లకు. అంటే సంపాదించే వయసు, పెళ్లి సంబంధాలు చూసే వయసు. చాలామందిలో ముందో వెనకో రెండో కంటికీ వస్తుంది. ఈ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

లోపల ఏం జరుగుతుందో నాకు నెల్లూరు కాలవలతో పోల్చుకున్నాకే అర్థమైంది. ఈల్స్ జబ్బులో రెటీనా అంచుల వైపున్న సన్నటి సిరలు వాస్తాయి. వాచిన సిర చుట్టూ తెల్లటి తొడుగులాంటిది ఏర్పడుతుంది. కొంతకాలానికి ఆ ప్రాంతంలో సన్న నాళాలు మూసుకుపోతాయి. ఆయకట్టు చివర ఉన్న పొలాలకు కాలవ పూడిపోయి నీళ్లందనట్టు, రెటీనా అంచులకు రక్తం అందదు. ఎండిపోతున్న రైతు ఊరుకోడు కదా. ఆ ఎండిన రెటీనా కూడా ఊరుకోదు. రక్తం పంపండి, కొత్త నాళాలు వేయండి అని ఒక రసాయనాన్ని విడుదల చేస్తుంది. దాన్ని క్లుప్తంగా వీఈజీఎఫ్ అంటారు. ఆ పిలుపుకు తడి పొలానికీ ఎండిన పొలానికీ సరిహద్దులో కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. అవి గట్టు సరిగ్గా వేయని పిల్లకాలవల్లాంటివి. గోడలో బలం ఉండదు. తుమ్మినా, బరువెత్తినా, ఒక్కోసారి ఏమీ చేయకపోయినా గండి పడుతుంది. అప్పుడు నెత్తురు జెల్లీలోకి దిగుతుంది. మా వాడు పొద్దున చూసిన నల్ల దారాలు ఆ గండివే.

ఇలా చూస్తే పెద్ద అపోహ ఒకటి విడిపోతుంది. రక్తం దిగడం జబ్బు కాదు, జబ్బు ముదిరాక బయటపడిన గుర్తు. ఆపరేషన్‌తో రక్తాన్ని కడిగేయొచ్చు. సిరల వాపునూ, ఎండిన అంచుల ఆకలినీ ఆపరేషన్ ఒక్కటే ఆపలేదు. వాటికి వేరే వైద్యం కావాలి. అందుకే ఒకే మనిషికి మాత్రలు, లేజర్, ఇంజెక్షన్, ఆపరేషన్ అన్నీ రాస్తుంటే ఒకటి పనిచేయక ఇంకొకటి చేస్తున్నారని కంగారు పడకూడదు. ఒక్కోటి ఒక్కో దశకు.

ఈ సిరలు ఎందుకు వాస్తాయన్న చర్చలో చెన్నైకి పెద్ద చోటుంది. బోస్టన్‌లో చార్లెస్ షెపెన్స్ దగ్గర రెటీనా వైద్యం నేర్చుకుని వచ్చిన డాక్టర్ ఎస్.ఎస్.బద్రీనాథ్ 1978లో మొదలుపెట్టిన శంకర నేత్రాలయలో డాక్టర్ జ్యోతిర్మయ్ బిశ్వాస్, తోటి పరిశోధకులు దశాబ్దాలుగా ఈ జబ్బు మీద పనిచేశారు. ఆపరేషన్‌లో రెటీనా మీద నుంచి తీసిన పొరల్ని పారేయకుండా ల్యాబ్‌లో పరీక్షిస్తే, కొందరి పొరల్లో టీబీ సూక్ష్మజీవి డీఎన్ఏ దొరికింది. అయితే బతికున్న సూక్ష్మజీవి కంట్లో పెరుగుతోందని దీనర్థం కాదు. ఒంట్లో ఎప్పుడో చేరిన టీబీకి మన రోగనిరోధక శక్తి అతిగా స్పందించి, ఆ పోరులో రెటీనా సిరలు దెబ్బతింటున్నాయన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. అందుకే డాక్టరు మాంటూ పరీక్ష (టీబీ కోసం చేతి చర్మంలోకి చిన్న ఇంజెక్షన్ ఇచ్చి చూసేది), ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్షలు రాస్తారు. మా పిన్ని "కంటికొచ్చిన జబ్బుకు ఊపిరితిత్తుల ఫోటో ఎందుకు" అని అడిగింది. ఒకటి టీబీ ఆనవాలు కోసం. రెండోది, ఈల్స్ అని తేల్చే ముందు సార్కాయిడ్ (ఒంట్లో పలుచోట్ల వాపు తెచ్చే జబ్బు), సికిల్ సెల్ (రక్తకణాల జబ్బు), షుగరు లాంటి వేరే కారణాలన్నీ కాదని తేల్చుకోవాలి. ఈ జబ్బుకు ఇదీ అని చెప్పే ఒక్క పరీక్ష లేదు. ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోగా చివర మిగిలేది ఈల్స్.

వాపు దశలో వాడేది స్టెరాయిడ్ మాత్రలు. వాటిని వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపాలి. ముఖం ఉబ్బిందనో, ఊళ్లో ఎవరో భయపెట్టారనో ఒక్కసారిగా మానేసిన వాళ్లను వరండాలో చాలామందిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. టీబీ ఉన్నట్టు తేలితే టీబీ మందులు కూడా జతచేస్తారు. ఎవరికి జతచేయాలన్న దగ్గర డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు, కాబట్టి ఒకరికి రాసి ఇంకొకరికి రాయకపోతే అందులో వింతేమీ లేదు.

నాళాలు మూసుకుపోయిన దశకు లేజర్. ఇక్కడ ఆయకట్టు పోలిక మళ్లీ పనికొస్తుంది. చేతి నరంలోకి ఫ్లోరెసిన్ అనే పసుపుపచ్చ మందు ఎక్కించి కంటి ఫోటోలు తీస్తారు. రక్తం అందని చోట్లు ఆ ఫోటోల్లో నల్లగా కనిపిస్తాయి. ఆ చోట్ల మీద లేజర్‌తో వందలాది చిన్న చుక్కలు కాలుస్తారు. నీళ్లు ఎలాగూ రాని పొలాన్ని ఈ ఏటికి బీడు పెట్టేస్తే ఇక దాని కోసం గండి కొట్టేవాళ్లుండరు. అలాగే ఎండిన రెటీనాను కాల్చేస్తే అది రసాయనం విడుదల చేయడం తగ్గుతుంది, కొత్త నాళాలు వాడిపోతాయి. దీనికి మూల్యం ఉంది. కాల్చిన చోట చూపు పోతుంది. అంచుల వైపు, చీకట్లో చూపు కాస్త తగ్గొచ్చు. మధ్య చూపును కాపాడుకోవడానికి అంచును వదులుకోవడమే ఈ వైద్యం.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో చెప్పకుండా ఉండలేను. 1945 జూలై 9న వచ్చిన సూర్యగ్రహణాన్ని ఉత్త కళ్లతో చూసిన ఒక విద్యార్థి రెటీనా మీద కాలిన మచ్చను జర్మనీ డాక్టర్ గెర్డ్ మేయర్ ష్వికెరాత్ గమనించారు. ఎండ రెటీనాను కాల్చగలిగితే, అవసరమైన చోట మనమే ఎందుకు కాల్చకూడదని ఆలోచించారు. మొదట ఆసుపత్రి పైకప్పు మీద సూర్యకాంతితోనే ప్రయత్నించారు. తర్వాత జెనాన్ దీపంతో యంత్రం తయారైంది. లేజర్ ఆ తర్వాత వచ్చింది. గ్రహణం చూడొద్దని మా అమ్మమ్మ చెప్పే మాటలోని అపాయమే ఒక డాక్టరు చేతిలో మందైంది.

ఇక పిన్ని ప్రశ్న. రక్తం దిగిన కంట్లోకి డాక్టరు చూస్తే లోపల ఏమీ కనబడదు. ఎర్ర తెర వేసినట్టు ఉంటుంది. అప్పుడు రెప్ప మీద జెల్ రాసి బీ స్కాన్ తీస్తారు. కడుపుతో ఉన్నవాళ్లకు తీసే అల్ట్రాసౌండ్ లాంటిదే. రక్తం ఉన్నా దాని వెనక రెటీనా గోడకు అంటుకునే ఉందా, ఎక్కడైనా లేచిందా అన్నది అందులో గీతల్లా కనబడుతుంది. ఆ రోజు వరండాలో ఇద్దరి దారులూ వేరు చేసింది ఈ స్కానే.

మా వాడి స్కాన్‌లో రెటీనా చక్కగా అంటుకుని ఉంది. అలాంటప్పుడు ఆగడమే మంచి వైద్యం. కొత్తగా దిగిన రక్తాన్ని చాలామందిలో ఒళ్లే మెల్లగా పీల్చేసుకుంటుంది. నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు, ఒక్కోసారి మూడు నెలలు. తల ఎత్తుగా పెట్టి పడుకోమంటారు, రక్తం కిందికి పేరుకుని మధ్య చూపు తేటపడుతుందని. వెల్లకిలా పడుకుని లేచిన పొద్దున చూపు మసకగా ఉండి, సాయంత్రానికి తేరుకోవడం దీనివల్లే. మా వాడు రోజూ పొద్దున భయపడి, రాత్రికి ధైర్యం తెచ్చుకునేవాడు. ఆగడమంటే వదిలేయడం కాదు. రెండు మూడు వారాలకోసారి స్కాన్ చేసి రెటీనా కదల్లేదని చూస్తారు. రక్తం తేరుకున్న మేరకు లేజర్ చేసుకుంటూ వస్తారు. ఇన్ని చేస్తూ ఆపరేషన్ వాయిదా వేయడానికి కారణం కుర్రవాళ్ల కన్నే. వాళ్లలో జెల్లీ రెటీనాకు గట్టిగా అంటుకుని ఉంటుంది, లాగితే రెటీనా చిరిగే ప్రమాదం ఉంటుంది. ఆపరేషన్ తర్వాత శుక్లం కూడా త్వరగా రావొచ్చు. అవసరం లేకుండా ఆ రిస్క్ ఎందుకు?

చిత్తూరు కుర్రాడి స్కాన్ అలా లేదు. వాళ్ల నాన్న ఆ ఫోటోను నాకు చూపించాడు. నల్లటి గుండ్రంలో రెటీనా గీత గుడారంలా పైకి లేచి ఉంది. దీన్ని అర్థం చేసుకోవడానికి ఇంటి వెనక బీరపాదును తలుచుకోండి. కొత్త నాళాలు రెటీనాలో వేళ్లూని, జెల్లీ మీదికి పందిరి ఎక్కినట్టు ఎక్కుతాయి. వాటితోపాటు గట్టి పీచు కూడా అల్లుకుంటుంది. కొన్నాళ్లకు ఆ జెల్లీ ముడుచుకుంటుంది, పీచు బిగుసుకుంటుంది. పందిరి ఒరిగితే పాదు వేళ్లు మట్టిని కూడా పెళ్లగించినట్టు, పీచు రెటీనాను గోడ నుంచి పైకి లాగుతుంది. దీన్నే లాగుడు వల్ల ఊడిన రెటీనా అంటారు. లాగుడికి ఎక్కడైనా చిరిగితే ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరి మొత్తం ఊడిపోతుంది. రెటీనాలో వెలుగును పట్టుకునే కణాలకు ఆహారం వెనక గోడ నుంచే అందుతుంది. గోడ నుంచి విడిపోయిన ప్రతి రోజూ వాటికి ఆకలే. ఆ కుర్రాడిలో లాగుడు మాక్యులా దగ్గరకు వచ్చింది, ఇంకా దాన్ని లేపలేదు. మాక్యులా అంటుకుని ఉండగా చేసే ఆపరేషన్‌కూ, ఊడాక చేసే ఆపరేషన్‌కూ ఫలితంలో చాలా తేడా ఉంటుంది. అందుకే ఆ తొందర. నేను ఫోన్లో ఇది చెప్పాక పిన్ని కాసేపు మాట్లాడలేదు. "అయితే ఆ పిల్లోడికే ఎక్కువ కష్టం వచ్చింది పాపం" అంది.

ఈ ఆపరేషన్ పేరు విట్రెక్టమీ. జెల్లీని ముట్టుకుంటే కన్ను పోతుందని సర్జన్లు చాలాకాలం భయపడేవారు. 1970లో అమెరికాలోని మయామీలో రాబర్ట్ మాకెమర్ ఆ భయాన్ని పోగొట్టారు. కోడిగుడ్డు తెల్లసొన మీద సాధన చేస్తూ, కోయడం, పీల్చడం, నీళ్లు నింపడం ఒకేసారి చేసే చిన్న పనిముట్టును ఆయన తయారు చేశారు. ఆ మొదటి పనిముట్టు ఒకటిన్నర మిల్లీమీటరు లావు. ఇప్పుడు వాడే 25 గేజ్‌ది అర మిల్లీమీటరు, 27 గేజ్‌ది ఇంకా సన్నం. చాలాసార్లు కుట్టు కూడా అక్కర్లేదు.

కంటి పక్కన మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. మనిషి మెలకువగానే ఉంటాడు. నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల దూరంలో తెల్లగుడ్డుకు మూడు రంధ్రాలు చేస్తారు. అక్కడైతే రెటీనాకు గానీ కంటి లెన్స్‌కు గానీ దెబ్బ తగలదు. ఒక దానిలోంచి సెలైన్ లాంటి ద్రవం లోపలికి వస్తూ గుడ్డు కుంగిపోకుండా చూస్తుంది. ఒక దానిలోంచి దీపం. మూడో దానిలోంచి కట్టర్. అది నిమిషానికి వేలసార్లు తెరుచుకుని మూసుకుంటూ, రక్తం కలిసిన జెల్లీని తునకలు చేసి పీల్చుకుంటుంది. రక్తం ఒక్కటే ఉంటే పని అక్కడితో దాదాపు అయిపోయినట్టే. పీచు పొరలుంటేనే అసలు కష్టం. పాదును పందిరి నుంచి లాగితే మట్టి లేస్తుంది కాబట్టి సర్జన్ లాగడు. వేళ్ల మధ్య తీగను ముక్కలుగా కత్తిరించి, లాగుడు వదిలించి, ఒక్కో ముక్కనూ రెటీనా మీద నుంచి ఒలుస్తాడు. నెత్తురు ఊరిన చోట కాల్చి ఆపుతాడు. కాగితం కంటే కొంచెం మందమున్న తడి పొర మీద గంటా, గంటన్నర, ఒక్కోసారి అంతకు మించి జరిగే పని ఇది. చివర, రక్తం అడ్డు లేకుండా అంచులన్నీ కనబడుతున్నాయి కాబట్టి, ఎండిన చోట్ల లోపలి నుంచే లేజర్ చేస్తారు. నా దృష్టిలో ఈల్స్ ఆపరేషన్‌లో రక్తం తీయడం ఎంత ముఖ్యమో ఈ లేజర్ అంత ముఖ్యం. నీళ్లు తోడేసి గండి పూడ్చకపోతే మళ్లీ వరదే.

కొందరికి ఆపరేషన్‌కు కొద్ది రోజుల ముందు బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ కంట్లో ఇస్తారు. అది వీఈజీఎఫ్‌ను అడ్డుకుని నాళాలను ముడుచుకునేలా చేస్తుంది, ఆపరేషన్‌లో నెత్తురు తక్కువ వస్తుంది. పీచు ఎక్కువున్న కంట్లో మాత్రం నాళాలు ముడుచుకునేటప్పుడు పీచు కూడా బిగిసి లాగుడు పెరగొచ్చు. కాబట్టి అందరికీ ఇవ్వరు, ఇచ్చాక ఆపరేషన్ తేదీని వాయిదా వేసుకోకూడదు. ఊళ్లో పెళ్లి ఉందని వాయిదా అడిగేవాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి.

మా వాడికి ఆరు వారాల్లో రక్తం సగం తేరుకుంది. కొంత లేజర్ కూడా అయింది. ఎనిమిదో వారంలో మళ్లీ దిగింది. ఇంకో నెల చూశాక, తేరుకోవడం లేదని విట్రెక్టమీకి తేదీ ఇచ్చారు. లోపలికి వెళ్లాక అంచు దగ్గర చిన్న చిరుగు కనబడింది. అందుకని ఆపరేషన్ చివర కంట్లో గ్యాస్ నింపారు.

గ్యాస్, ఆయిల్ అనే రెండు మాటలు ఆపరేషన్ అయినవాళ్ల ఇళ్లలో తెగ వినిపిస్తాయి. తిరిగి అతికించిన రెటీనా గోడకు పట్టుకునే దాకా లోపలి నుంచి అదిమి పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి. దానికి గ్యాస్ బుడగ వాడతారు. ఎస్ఎఫ్6 అనే గ్యాస్ సుమారు రెండు వారాల్లో, సీ3ఎఫ్8 ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దానంతటదే కరిగిపోయి, ఆ చోట కంటి నీరే నిండుతుంది. బుడగ ఎప్పుడూ పైకి తేలుతుంది కాబట్టి, చిరుగు ఎక్కడుందో దాన్నిబట్టి తల ఎటు వాల్చి పడుకోవాలో చెబుతారు. ఒకరికి బోర్లా, ఒకరికి పక్కకు. పక్కింటాయన ఎలా పడుకున్నాడో చూసి మనం అలా పడుకోకూడదు. రెటీనా ఎక్కువగా ఊడినవాళ్లకు సిలికాన్ ఆయిల్ వేస్తారు. అది కరగదు. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల తర్వాత ఇంకో చిన్న ఆపరేషన్‌తో తీయాలి. అది ఉన్నంతకాలం అద్దాల పవర్ మారిపోతుంది. ఎక్కువకాలం వదిలేస్తే శుక్లం, కంటి ఒత్తిడి పెరగడం లాంటివి వస్తాయి. చూపు బాగానే ఉందని ఆయిల్ తీయించుకోకుండా ఊళ్లో ఉండిపోయేవాళ్లు కొని తెచ్చుకునే కష్టం అది.

గ్యాస్ ఉన్న కంటికి ఒక గట్టి కట్టుబాటు ఉంది. కొడుకు ఆపరేషన్ బాగా జరిగితే కొండకు వస్తానని పిన్ని మొక్కుకుంది. చెన్నై నుంచి నేరుగా తిరుమల వెళ్లి, తలనీలాలు ఇచ్చి, అక్కడి నుంచి కావలి పోదామని కారు కూడా మాట్లాడింది. డిశ్చార్జి చీటీ ఇచ్చే నర్సమ్మ ఎటు వెళ్తున్నారని మాటవరసకు అడిగింది కాబట్టి బయటపడింది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, కంట్లోని గ్యాస్ వ్యాకోచిస్తుంది. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు. చెన్నైతో పోలిస్తే అక్కడ ఒత్తిడి దాదాపు పదో వంతు తక్కువ. ఘాట్ రోడ్డులో గంటలోపు ఆ ఎత్తుకు చేరితే, మూసుకుని ఉన్న గుడ్డులో బుడగ పెరగడానికి చోటు లేక కంటి ఒత్తిడి ఎగబాకుతుంది. విపరీతమైన నొప్పి వస్తుంది, రెటీనాకు రక్తం ఆగిపోయి చూపు శాశ్వతంగా పోవచ్చు. విమానం ఎక్కకూడదని అందరూ చెబుతారు. కొండ ఎక్కకూడదని తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. తిరుమలైనా, హార్స్‌లీ హిల్స్ అయినా, ఊటీ అయినా గ్యాస్ పూర్తిగా పోయిందని డాక్టరు చూసి చెప్పేదాకా వద్దు. ఈలోగా వేరే ఏ ఆపరేషన్ అవసరమైనా మత్తు డాక్టరుకు కంట్లో గ్యాస్ ఉందని ముందే చెప్పాలి, ఎందుకంటే నైట్రస్ ఆక్సైడ్ కూడా ఆ బుడగను పెంచుతుంది. ఆయిల్‌కు ఈ భయం లేదు.

చూపు వస్తుందా అన్న ప్రశ్నకు డాక్టర్లు సూటిగా చెప్పడం లేదని చాలామంది బాధపడతారు. నిజానికి రెండు సూటి జవాబులున్నాయి. మాక్యులా ఊడకుండా, రక్తం వల్లే చూపు పోయినవాళ్లకు ఆపరేషన్ తర్వాత మంచి చూపు రావడం మామూలే. ఈల్స్ జబ్బు ఎక్కువగా అంచుల్లో ఉంటుంది కాబట్టి, షుగరు వల్ల వచ్చే రెటీనా జబ్బుతో పోలిస్తే ఈ అదృష్టం ఎక్కువమందికి దక్కుతుంది. మాక్యులా చాలాకాలం ఊడి ఉన్నవాళ్లకు రెటీనా చక్కగా అతుక్కున్నా చూపు కొంతే రావొచ్చు. అతికించడం సర్జన్ చేతిలో ఉంది. ఆకలితో చచ్చిపోయిన కణాలను బతికించడం ఇంకా ఎవరి చేతిలోనూ లేదు. ఆపరేషన్ అయ్యాక మళ్లీ రక్తం దిగే అవకాశం కూడా ఉంటుంది. దాన్ని ఆపరేషన్ ఫెయిలైందని అనుకోనక్కర్లేదు. చాలాసార్లు లేజర్ కొంచెం పెంచితే సద్దుమణుగుతుంది.

డబ్బు గురించి ఒక్క మాట. ప్రైవేటులో ఖర్చు గ్యాసా, ఆయిలా, ఎంత పీచు ఉందన్నదాన్నిబట్టి మారుతుంది. మన రాష్ట్రం ఆరోగ్య కార్డు ఆ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో చేరకముందే కౌంటర్లో అడగండి. 1819లో మొదలైన ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి కూడా ఉందని మర్చిపోవద్దు.

గ్యాస్ ఉన్న రోజుల్లో మా వాడు నాకు ఫోన్ చేసి ఒక వింత చెప్పేవాడు. మొదటి వారం అంతా మసకే. తర్వాత చూపులో పైభాగాన ఒక తేట గీత మొదలైంది, గ్లాసులో నీటిమట్టంలా, తల కదిపితే ఊగుతూ. బుడగ కంట్లో పైకి తేలినా, రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి వాడికి అది కింద ఉన్నట్టు కనబడుతుంది. రోజుకింత చొప్పున ఆ గీత కిందికి దిగింది. "అన్నా, ఈరోజు ఫ్యాన్ కనబడింది", "ఈరోజు క్యాలెండరు తేదీ కనబడింది", "ఈరోజు అమ్మ ముఖం గడ్డం దాకా కనబడింది". చివరికి చూపు అడుగున బఠాణీ గింజంత బుడగ మిగిలి, ఒకరోజు పొద్దునకు అదీ లేదు. చెన్నై వచ్చి చూపించుకుని, డాక్టరు సరేనన్న మర్నాడు తల్లీకొడుకులు కొండెక్కారు.

రెండో కన్ను సంగతి చెబుతానన్నాను. అందరి ధ్యాసా ఎడమ కంటి మీదున్న ఆ మొదటి రోజే డాక్టరు కుడి కంట్లోనూ చుక్కలు వేసి అంచుల దాకా చూశారు. అక్కడా రెండు సిరల చుట్టూ తెల్లటి తొడుగు ఉంది, వాటి అవతల రక్తం అందని కొంత మేర ఉంది. మా వాడికి ఆ కంటితో ఏ ఇబ్బందీ లేదు. దానికి అప్పుడే రెండు విడతలుగా లేజర్ చేశారు. ఇప్పటిదాకా ఆ కంట్లో రక్తం దిగలేదు, బోర్డు మీద చివరి వరస అక్షరాలు చదువుతున్నాడు. నాలుగు నెలలకోసారి వచ్చి రెండు కళ్లూ చూపించుకుంటాడు. పోయిన నెల వచ్చినప్పుడు వరండాలో చిత్తూరు కుర్రాడు కనిపించాడు. ఆయిల్ తీయించుకున్నాడట. కాసేపు మాట్లాడుకున్నారు, తర్వాత ఇద్దరినీ చుక్కలు వేయించుకోవడానికి లోపలికి పిలిచారు.